వలసపిట్ట కాలికి కడియం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, కెనడాల సరిహద్దులో గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల ఒడ్డున ఉన్న ఒక పక్షి పరిశీలన కేంద్రంలో కొన్నేళ్ళుగా శరదృతువు వలసకాలంలో స్వచ్ఛందంగా పని చేస్తున్నాను. సెలవు రోజుల్లో పిల్లలను తీసుకుని వచ్చే తెలుగు కుటుంబాలు మా బల్ల చుట్టూ నిలబడి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటి ప్రశ్నలో ఎప్పుడూ కొంత జాలి, కొంత అనుమానం కలిసి ఉంటాయి: "పాపం, ఆ పిట్టను ఎందుకు పట్టారు?" అలా అడగాల్సిందే. అడిగినవారికి నిలబడి జవాబు చెప్పడం మా బాధ్యత. నిలబడి చెప్పే తీరిక ప్రతి ఉదయం దొరకదు కాబట్టి ఆ జవాబులన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చెప్పే చట్టాలు, ప్రదేశాలు, పక్షులు ఉత్తర అమెరికావి. ఇక్కడ ఈ పనిని బ్యాండింగ్ అంటారు, చాలా దేశాల్లో రింగింగ్ అంటారు. నాకు మాత్రం మన 'కడియం' అన్న మాటే సరిపోతుందనిపిస్తుంది.

స్వేచ్ఛగా తిరిగే పిట్టను పట్టి కాలికి కడియం ఎందుకు వేయాలి?

చెట్టు మీద యాభై పిట్టలు వాలాయి. మర్నాడు పొద్దున అదే చెట్టు మీద మళ్ళీ యాభై కనిపించాయి. ఇవి నిన్నటివేనా? నిన్నటివి రాత్రికి రాత్రి వెళ్ళిపోయి, వాటి చోటికి కొత్తవి వచ్చాయా? ఎంత మంచి దూరదర్శినితో చూసినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒకే జాతి పిట్టలు మన కంటికి అన్నీ ఒకటే. కాలికి ఒక అంకె ఉన్నప్పుడు మాత్రమే గుంపులో ఒకటిగా కాకుండా, అది ఏ పిట్టో తెలుస్తుంది. అది ఎన్నాళ్ళు ఇక్కడ ఆగింది, ఎంత బరువు పెరిగింది, వచ్చే ఏడు తిరిగి వచ్చిందా, ఎన్నేళ్ళు బతికింది అన్నవన్నీ ఆ అంకె ఉంటేనే తెలిసే సంగతులు.

అందరికీ చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 1956లో పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవిలో చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రవేత్త లేసాన్ ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి ఒకదానికి కడియం వేశారు. అప్పటికే అది గుడ్లు పెట్టే వయసు పక్షి. 2002లో ఆయనే మళ్ళీ అదే దీవిలో, అదే పక్షిని పట్టారు. పాత నమోదులు తిరగేసినప్పుడు గానీ అది 46 ఏళ్ళ కిందట తాను పట్టిన పక్షేనని ఆయనకు తెలియలేదు. తరవాత దానికి విజ్డమ్ అని పేరు పెట్టారు. 2024లో, కనీసం 74 ఏళ్ళ వయసులో, అది మళ్ళీ గుడ్డు పెట్టింది. కడియమే లేకపోతే ఆ దీవిలోని లక్షల తెల్ల పక్షుల్లో అదీ ఒకటి, అంతే.

ఈ పద్ధతి ఎప్పటిది?

డెన్మార్క్‌లోని వీబోర్గ్ పట్టణంలో హాన్స్ క్రిస్టియన్ మోర్టెన్సెన్ అనే బడిపంతులు 1899లో 165 స్టార్లింగ్ పక్షులకు అంకెలు, చిరునామా చెక్కిన అల్యూమినియం కడియాలు వేశారు. ఇప్పుడు మనం చేసే పనికి మొదలు అదే. అంతకు దాదాపు వందేళ్ళ ముందే ఆడుబాన్ అనే పక్షి చిత్రకారుడు పిట్టల కాళ్ళకు వెండి తీగ చుట్టాడనే కథ అమెరికాలో బాగా ప్రచారంలో ఉంది కానీ, తేదీలు పోల్చి చూసిన పరిశోధకులు దాన్ని గట్టిగానే సందేహిస్తున్నారు. అమెరికా ప్రభుత్వం 1920లో ఈ పనిని తన చేతిలోకి తీసుకుంది, 1923లో కెనడా కలిసింది. నేటికీ రెండు దేశాల నమోదులూ ఒకే పద్ధతిలో సాగుతున్నాయి. మేరీలాండ్ రాష్ట్రంలోని బర్డ్ బ్యాండింగ్ లేబరేటరీ కడియాలను పంపిణీ చేసి, లెక్కలన్నీ భద్రపరుస్తుంది. ఏటా సుమారు 10 లక్షల పక్షులు ఈ లెక్కలోకి వస్తాయి.

శరదృతువులోనే ఎందుకు? వసంతంలో పట్టరా?

వసంతంలోనూ పడతాం. కానీ వసంతంలో పిట్టలకు తొందర ఎక్కువ. గూడు కట్టే చోటును ముందుగా చేరుకోవాలి కాబట్టి ఎక్కువ ఆగవు. శరదృతువులో ఆ ఏడాది పుట్టిన పిల్లలు కూడా పెద్దవాటితో పాటు ప్రయాణం కడతాయి. సంఖ్య పెరుగుతుంది, ప్రయాణం నెమ్మదిస్తుంది, దారిలో మేత కోసం ఆగడం ఎక్కువవుతుంది. పైగా ఆ ఏడాది సంతానం ఏ మేరకు నిలిచిందో లెక్క తేలే కాలం కూడా ఇదే.

ఆగస్టు మధ్యలో మొదలై నవంబరు దాకా సాగుతుంది. మొదట వార్బ్లర్లు, వీరియోలు అనే చిన్న పాటపిట్టలు వస్తాయి. సెప్టెంబరులో థ్రష్ పిట్టలు, అక్టోబరులో కింగ్‌లెట్లు, పిచ్చుక జాతులు, రాత్రి వేళ గుడ్లగూబలు. ఈ చిన్న పిట్టల్లో చాలా భాగం ప్రయాణించేది రాత్రిపూటే. చల్లగాలి ముందుకు తోసుకొచ్చి, ఉత్తరం నుంచి గాలి మళ్ళి, ఆకాశం తేటపడిన రాత్రి మాకు నిద్ర పట్టదు. తెల్లవారేసరికి పొదలన్నీ పిట్టలతో నిండి ఉంటాయని తెలుసు.

తీరప్రాంతాల్లో పట్టుబడేవాటిలో చిన్నపిల్లల శాతం చాలా ఎక్కువగా ఉంటుంది. పెద్దవి లోపలి భూభాగం మీదుగా నేర్పుగా సాగిపోతాయి, మొదటిసారి బయలుదేరినవి నీటి అంచుకు కొట్టుకు వస్తాయి. సముద్రం ఒడ్డు కేంద్రాల లెక్కలు చూసి 'ఈ ఏడాది పిల్లలు విపరీతంగా పుట్టాయి' అని తేల్చేయకూడదు. ఎక్కడ పట్టారన్నది కూడా చూడాలి.

ఎలా పడతారు?

మిస్ట్ నెట్ అనే వలతో. తలవెంట్రుకంత సన్నని నల్లదారంతో అల్లిన వల. సాధారణంగా 12 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల పైచిలుకు ఎత్తు ఉంటుంది. పొదల మధ్య సన్నని బాట తీసి, రెండు కర్రల నడుమ దీన్ని కడతాం. వెనక ఆకుల నీడ ఉంటే మనిషి కళ్ళకే ఆనదు, ఎదురుగా నడిచి వెళ్ళి ముఖానికి తగిలించుకున్నవారు ఉన్నారు. వలకు అడ్డంగా నాలుగైదు బిగువైన తాళ్ళు ఉంటాయి. వాటి మధ్య వల వదులుగా జారి జోలెలా వేలాడుతుంది. ఎగురుతూ వచ్చిన పిట్ట వలకు తగిలి, ఆ జోలెలోకి జారి పడుకుంటుంది. వల మరీ బిగుతుగా కడితే తగిలి వెనక్కి ఎగిరిపోతుంది, మరీ వదులుగా కడితే చుట్టుకుపోతుంది. కట్టడంలోనే సగం పని ఉంది.

ఇది జపాన్‌లో పుట్టిన వల. అక్కడ పూర్వం పట్టుదారంతో అల్లి, తినడానికి పిట్టలను పట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. చంపడానికి పుట్టిన వల బతికించడానికి పనికొస్తోందన్న ఆలోచన కర్రలు పాతేటప్పుడు నాకు తరచూ వస్తుంటుంది.

సూర్యోదయానికి అరగంట ముందే వలలు తెరుస్తాం, ఆరు గంటల సేపు తెరిచి ఉంచుతాం. ఆ సమయమంతా అరగంటకు మించకుండా ప్రతి వలనూ తిరిగి చూడాలి. ఎండ ముదిరినా, చలి ఎక్కువైనా ఇంకా త్వరగా. వాన చినుకు పడితే మూసేయడమే. తడిసిన పిట్ట ఒంటి వేడి నిలుపుకోలేదు. గాలి పెరిగినా మూసేస్తాం. 'ఇంకొక్క అరగంట చూద్దాం' అన్న ఆశ ఈ పనిలో చాలా ప్రమాదకరమైనది.

వలలోంచి తీయడం కష్టమా?

నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. పిట్ట ఏ వైపునుంచి లోపలికి వచ్చిందో ముందు కనిపెట్టాలి, ఆ వైపునుంచే బయటికి తీయాలి. ఇది తప్పితే విప్పేకొద్దీ ముడి పెరుగుతుంది. ఆ వైపు తెలిసిందంటే మిగతాదంతా ఓపిక మీద నడుస్తుంది. కొందరు కాళ్ళతో మొదలుపెడతారు, కొందరు ఒళ్ళు పట్టుకుని రెక్కలనుంచి దారం జార్చుతారు. మెడకు రెండువైపులా చూపుడువేలు, మధ్యవేలు వచ్చేలా, వీపు అరచేతికి ఆనేలా పట్టుకోవాలి. గొంతు నొక్కకూడదు, రొమ్ము బిగించకూడదు. పిట్టకు మనలా రొమ్ముకూ పొట్టకూ మధ్య ఊపిరి పీల్చడానికి సాయపడే కండరపు పొర (డయాఫ్రం) ఉండదు. రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకున్నానంటే భద్రంగా పట్టుకున్నానని కొత్తవారు అనుకుంటారు, నిజానికి అదే ప్రాణం మీదికి తెస్తుంది.

పిట్టల స్వభావాలు వలలోనే బయటపడతాయి. థ్రష్ నిశ్శబ్దంగా ఎదురుచూస్తుంది. కార్డినల్ ముక్కుతో పట్టిందంటే వేలి చర్మం నలుగుతుంది. పది పన్నెండు గ్రాములుండే చికడీ అన్నిటికన్నా మొండిది. కాళ్ళతో దారాలను పోగుచేసి పట్టుకుని, ఒక్కొక్క గోరు విడదీసేదాకా వదలదు, ఈలోగా మన గోటి అంచునే పొడుస్తూ ఉంటుంది. నా మొదటి ఏడాదిలో ఒక చికడీ నాలుకకు దారం చుట్టుకుంది. నా చెయ్యి వణికింది. నాకు నేర్పే ఆమెను పిలిచాను. ఆమె ఒక్క మాట కూడా అనకుండా సన్నని పుల్లతో దారాన్ని నాలుక వెనకనుంచి ముందుకు జార్చి తీసేశారు. ఒక నిమిషం కూడా పట్టలేదు. చేతకానప్పుడు వెంటనే పిలవాలని ఆ రోజు నేర్చుకున్నాను. పిట్ట వేచి ఉండగా నా పరువు గురించి ఆలోచించడం తప్పు.

పిట్టకు దెబ్బ తగలదా? చచ్చిపోదా?

అప్పుడప్పుడు తగులుతుంది. అరుదుగా చచ్చిపోతుంది కూడా. ఈ మాట దాచే కేంద్రాన్ని నేను నమ్మను. అమెరికా, కెనడాలలోని 22 సంస్థల లెక్కలు కలిపి చూసిన ఒక అధ్యయనంలో, 6 లక్షలకు పైగా పట్టుబడిన పక్షుల్లో గాయపడినవి 0.59 శాతం, మరణించినవి 0.23 శాతం. చిన్న అంకెలే. అయినా ఆ 0.23లో ఉన్నది ఒక్కొక్కటీ కెనడా అడవుల నుంచి దక్షిణ అమెరికాకు బయలుదేరిన పిట్ట. చిన్న అంకె కదా అని సరిపెట్టుకునేవారు ఈ పని చేయకూడదు.

అందుకే నియమాలన్నీ ఒకే దిశగా ఉంటాయి. పిట్ట నోరు తెరిచి రొప్పుతుంటే, ఈకలు ఉబ్బించి కళ్ళు మూస్తుంటే, కొలతలన్నీ పక్కన పెట్టి వదిలేయాలి. కడియం వేయకుండానే వదలాల్సి వచ్చినా సరే. ఒకేసారి యాభై పడితే కొన్నిటిని వల దగ్గరే విడిచిపెట్టి, మిగతా వలలు మూసేయాలి. వలల చుట్టూ డేగ తిరుగుతున్నా, పిల్లి కనిపించినా అంతే. ఒక రోజు లెక్క పోతుంది, పోనివ్వండి.

కాలికి ఆ కడియం బరువు కాదా?

కాదు. అల్యూమినియం కడియం బరువు పిట్ట బరువులో వందో వంతుకన్నా తక్కువ. ఏ జాతికి ఏ సైజు వేయాలో పట్టిక ఉంటుంది. ప్రత్యేకమైన ప్లయర్‌తో మూసినప్పుడు రెండు అంచులూ సరిగ్గా కలవాలి. కడియం కాలి చుట్టూ తిరగాలి, పైకీ కిందికీ జారాలి, కానీ పాదం మీదికి దిగకూడదు. అంచుల మధ్య సందు మిగిలితే దారమో, గడ్డిపోచో చిక్కుకుంటుంది. అందుకే మూశాక ప్రతిసారీ గోటితో తడిమి చూస్తాం. గద్ద జాతులకు ముక్కుతో విప్పడానికి వీల్లేని గట్టి మూత ఉన్నవి వేస్తారు. మూడు గ్రాముల హమ్మింగ్‌బర్డ్ సంగతి వేరు. దాని కడియాలను పలుచని రేకునుంచి కత్తిరించి, గుండ్రంగా వంచి తయారుచేసుకోవాలి. దానికి విడిగా అనుమతి, విడిగా శిక్షణ ఉంటాయి.

బల్ల మీద ఏమేమి చూస్తారు?

వలనుంచి తీసిన పిట్టను గుడ్డసంచిలో వేసి తెస్తాం. చీకట్లో అది సర్దుకుంటుంది. ముందు జాతి నిర్ణయించి, కడియం వేసి, అంకెను ఒకరు చదివితే ఇంకొకరు తిరిగి చెప్పి రాస్తారు. ఒక్క అంకె తప్పు పడినా ఆ పిట్ట జీవితచరిత్ర ఇంకో పిట్ట ఖాతాలోకి పోతుంది. తరవాత వయసు, తెలిస్తే ఆడమగ, మడిచిన రెక్క పొడవు, కొవ్వు, ఈకల స్థితి. చివరికి తలకిందులుగా ఒక చిన్న గొట్టంలోకి జార్చి తూకం మీద నిలబెడతాం. పిల్లలు ఇక్కడ తప్పకుండా నవ్వుతారు, గొట్టంలోంచి తోక మాత్రమే కనిపిస్తుంది మరి. చీకటిగా, ఇరుకుగా ఉన్నందువల్ల పిట్ట కదలకుండా ఉంటుంది, అంకె నిలుస్తుంది. చెయ్యి తిరిగినవారికి ఇదంతా రెండు మూడు నిమిషాల పని.

పిట్ట వయసు ఎలా చెబుతారు?

శరదృతువులో తేల్చాల్సిన ముఖ్యమైన విషయం ఒకటే: ఇది ఈ ఏడాది పుట్టిందా, అంతకు ముందుదా? దానికి ఆనవాళ్ళు చాలానే ఉన్నాయి.

తలమీది ఈకలను కొద్దిగా తడిపి పక్కకు తీస్తే, పలుచని చర్మం కింద పుర్రె కనిపిస్తుంది. గూడు వదిలినప్పుడు పిట్ట పుర్రె ఒకే పొర. గులాబి రంగుగా, సాదాగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ కింద రెండో పొర ఏర్పడి, రెంటి మధ్య సన్నని స్తంభాలు లేస్తాయి. అవి పైనుంచి తెల్లని చుక్కల్లా కనిపిస్తాయి. చుక్కలు పరుచుకున్న భాగానికీ సాదా భాగానికీ మధ్య గీత కనిపిస్తే అది ఈ ఏటి పిల్ల. అక్టోబరు ముదిరాక కొన్ని జాతుల్లో పిల్లలకు కూడా పుర్రె పూర్తయిపోతుంది, అప్పుడు ఈ ఆనవాలు ఒక్కదాన్నే నమ్మకూడదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రెడ్-ఐడ్ వీరియో. పేరులోనే ఎర్రకన్ను ఉన్నా, మొదటి శరదృతువులో దాని కన్ను గోధుమరంగులో ఉంటుంది. పెద్దదాని కన్ను పండిన దానిమ్మ గింజలా ఉంటుంది. ఒకే వలలో రెండూ పక్కపక్కన పడిన ఉదయం, ఏ పుస్తకమూ తెరవకుండానే ఎనిమిదేళ్ళ పాప కూడా ఏది పెద్దదో చెప్పేసింది. స్వెయిన్సన్స్ థ్రష్ పిల్లల రెక్క మీది చిన్న ఈకల్లో కొన్నిటి కొసలకు లేత గోధుమరంగు చుక్కలు మిగిలి ఉంటాయి. కొన్ని జాతుల్లో ఒకే రెక్క మీద పాత ఈకలు, కొత్త ఈకలు పక్కపక్కన కనిపిస్తాయి, ఉతికి ఉతికి వెలిసిన చొక్కాకు కొత్త గుడ్డ మాసిక వేసినట్టు. ఆ అతుకు ఎక్కడుందో గుర్తుపట్టడం చాలా ఏళ్ళ విద్య. నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. సందేహం ఉంటే 'వయసు తెలియదు' అని రాయడం, ఊహించి రాయడం కన్నా వెయ్యిరెట్లు మేలు.

కొవ్వు గురించి అంత పట్టింపు ఎందుకు?

వలసపిట్టకు కొవ్వే దారిబత్తెం. మెడ కింద, ఎముకల మధ్య చిన్న గుంట ఉంటుంది. అక్కడి ఈకలను నోటితో మెల్లగా ఊదితే ఈకలు విడిపోయి చర్మం కనిపిస్తుంది. కండ ముదురు ఎరుపు, కొవ్వు వెన్నలాంటి పసుపు. గుంట ఖాళీగా ఉంటే సున్నా. నిండి పైకి ఉబ్బి, పొట్ట మీద కూడా పరుచుకుని ఉంటే పెద్ద అంకె వేస్తాం. సున్నా ఉన్న పిట్ట ఇప్పుడే దిగింది, ఇక్కడ తిండి దొరకాలి. ఉబ్బి ఉన్నది బహుశా ఈ రాత్రికే బయలుదేరుతుంది.

బ్లాక్‌పోల్ వార్బ్లర్ మామూలు బరువు 12 గ్రాములు. శరదృతువులో అట్లాంటిక్ తీరానికి చేరి, తిని తిని, బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటుంది. ఆ తరవాత సముద్రం మీదికి వెళ్ళిపోతుంది. ఎక్కడికి పోతుందో చాలా కాలం వాదనగానే ఉండేది. అమెరికాలోని వెర్మాంట్, కెనడాలోని నోవా స్కోషియాలలో కొన్ని పిట్టల వీపుకు వెలుతురును నమోదు చేసే చిన్న పరికరాలు కట్టి, మరుసటి ఏడు తిరిగి వచ్చినవాటిని పట్టి చూశారు. రెండు మూడు రోజుల పాటు ఎక్కడా ఆగకుండా, 2,270 నుంచి 2,770 కిలోమీటర్లు నీటి మీదుగా ఎగిరి కరీబియన్ దీవుల్లో దిగాయని, అక్కడినుంచి దక్షిణ అమెరికాకు వెళ్ళాయని 2015లో తేలింది. పన్నెండు గ్రాముల పిట్ట దారిలో వాలడానికి కొమ్మ లేదు, తాగడానికి నీళ్ళు లేవు. బయలుదేరే ముందు ఆ తీరాన పొదలు మిగిలి ఉన్నాయా లేదా అన్నదాని మీదే దాని ప్రాణం ఆధారపడి ఉంది. ఊది చూసే ఆ ఒక్క క్షణం మాకు అందుకే ముఖ్యం.

కడియం వేసిన పిట్ట మళ్ళీ దొరుకుతుందా?

మరోచోట దొరకడం చాలా అరుదు. చిన్న పాటపిట్టల్లో నూటికి ఒకటి కూడా లేదు. అయితే అదే కేంద్రంలో మళ్ళీ పడడం మామూలే, మాకు పనికొచ్చే సమాచారం చాలావరకు అక్కడినుంచే వస్తుంది. 28 గ్రాములతో బక్కచిక్కి దిగిన ఒక స్వెయిన్సన్స్ థ్రష్ ఆరు రోజుల తరవాత అదే వలలో 35 గ్రాములతో పడింది. ఈ పొదల్లో పండ్లు ఉన్నాయని, అవి దానికి సరిపోయాయని ఆ ఏడు గ్రాములు చెబుతున్నాయి. మా చోట ఒక పొదను కొట్టేయాలా ఉంచాలా అన్న చర్చ వచ్చినప్పుడు మేము ముందుంచేవి ఇలాంటి అంకెలే.

పదుల ఏళ్ళు ఒకే చోట, ఒకే పద్ధతిలో పడితే వచ్చే ఫలితం ఇంకో రకం. పెన్సిల్వేనియాలోని పౌడర్‌మిల్ కేంద్రం 1961 నుంచి పిట్టలను కొలుస్తోంది. ఆ కొలతలను వరసగా పేర్చి చూసినప్పుడు, చాలా జాతుల్లో శరీరం ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా చిన్నదవుతున్నట్టు బయటపడింది. ఎవరూ దీనికోసమని కొలవలేదు. కెనడాలో ఈరీ సరస్సు ఒడ్డున 1960లో మొదలైన లాంగ్ పాయింట్ కేంద్రం లెక్కలకూ అలాంటి విలువే ఉంది.

రాత్రిపూట గుడ్లగూబలను కూడా పడతారట, నిజమేనా?

నిజమే. నార్తర్న్ సా-వెట్ అనే గుడ్లగూబ పిడికిలికి కాస్త పెద్దది, బరువు వంద గ్రాముల లోపు. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో దక్షిణానికి కదులుతుంది. పగలు కొమ్మల్లో కదలకుండా కూర్చుంటుంది కాబట్టి, ఇది ఇంత పెద్ద సంఖ్యలో వలస పోతుందని వలలు వేయకముందు ఎవరికీ సరిగ్గా తెలియదు. వల దగ్గర స్పీకరులో మగ గుడ్లగూబ కూతను వినిపిస్తాం. ఒకే స్వరంలో ఆగకుండా సాగే కూత అది. పట్టుబడేవాటిలో ఆడవే ఎక్కువ.

రెక్క విప్పి కింది వైపు అతినీలలోహిత దీపం వేస్తే, కొత్త ఈకలు గాఢమైన గులాబి రంగులో వెలుగుతాయి. ఆ రంగు పదార్థం ఎండకు, కాలానికి తగ్గిపోతుంది కాబట్టి పాత ఈకలు వెలవెలబోతాయి. రెక్క అంతా ఒకేలా వెలిగితే ఈ ఏటి పిల్ల, మధ్యమధ్యలో మసకబారితే పెద్దది. చీకటి గదిలో మొదటిసారి ఆ రెక్క వెలిగినప్పుడు మాట్లాడుతున్నవారు మాట ఆపేయడం ప్రతి ఏడాదీ చూస్తాను. దీపం వెలుతురులో ఉన్న కళ్ళు చీకటికి అలవాటు పడాలి కాబట్టి, వదిలే ముందు పది నిమిషాలకు పైగా చీకట్లో ఉంచుతాం.

డేగలను, బాతులను ఎలా పడతారు?

డేగలు పెద్ద నీటిని దాటడానికి ఇష్టపడవు, ఒడ్డు వెంబడే పోతాయి. సుపీరియర్ సరస్సు చివర డులూత్‌లోని హాక్ రిడ్జ్, న్యూజెర్సీలోని కేప్ మే అందుకే ప్రసిద్ధి. అక్కడ ఎరతో ఆకర్షించి, విల్లులా ముడుచుకునే వలలతో పడతారు. బాతులకు గింజలు చల్లిన బోనులు పెడతారు. వేట కాలానికి ముందు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వేసిన ఆ కడియాలను వేటగాళ్ళు తిరిగి తెలియజేస్తారు. ఎన్ని బాతులను వేటాడనివ్వవచ్చో నిర్ణయించడంలో ఆ లెక్కలు వాడతారు.

ఇప్పుడు ఉపగ్రహ పరికరాలు ఉన్నాయి కదా, ఇంకా కడియాలెందుకు?

మంచి ప్రశ్న. పరికరం దారి మొత్తం చూపిస్తుంది, కడియం రెండు చివరలే చూపిస్తుంది. కానీ పరికరం బరువు పక్షి బరువులో 3 శాతం దాటకూడదన్నది సాధారణ నియమం. పది గ్రాముల పిట్టకు అది గ్రాములో మూడో వంతుకన్నా తక్కువ. ఇప్పుడు అంత చిన్న రేడియో ట్యాగులూ వచ్చాయి. మోటస్ అనే వ్యవస్థలో వాటిని వినే స్తంభాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అయితే పరికరం పెట్టాలన్నా ముందు పిట్టను పట్టాలి, జాగ్రత్తగా పట్టుకోవాలి, కడియం వేయాలి. పరికరాలు పదులకో వందలకో పెట్టగలం, కడియాలు లక్షలకు వేయగలం. ఇది ఒకటి వస్తే మరొకటి పోయే వ్యవహారం కాదు.

మా పెరట్లో నేనే వల కట్టి పట్టవచ్చా?

వద్దు. 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టడం నేరం. అమెరికాలో ప్రభుత్వ అనుమతి కావాలంటే 18 ఏళ్ళు నిండాలి, అనుభవజ్ఞుల సిఫారసు కావాలి, ఏ ప్రశ్నకు జవాబు వెతకడానికి పడుతున్నారో రాసివ్వాలి. చాలా రాష్ట్రాలకు తమ సొంత అనుమతి కూడా ఉంటుంది. సరదాకు పట్టడం కారణంగా చెల్లదు, చెల్లకూడదు.

ఆసక్తి ఉంటే దగ్గరలోని కేంద్రానికి వెళ్ళి సహాయం చేస్తానని అడగండి. మొదటి ఏడాది మీరు రాసేవారు, సంచులు మోసేవారు, వలలు మూసేవారు. అది తక్కువ పని కాదు. లెక్క రాసే చేతిలోనే సగం శాస్త్రం ఉంది.

చూడడానికి పిల్లలను తీసుకురావచ్చా?

తప్పకుండా. ముందుగా ఫోను చేసి, పొద్దున్నే రండి, మధ్యాహ్నం దాటాక వలలు మూసి ఉంటాయి. మాతో పాటు వలల దగ్గరికి వస్తే బాటలో మా వెనకే నడవండి, వలను ముట్టుకోవద్దు. వలలో పిట్ట ఉండగా ఫొటో కోసం ఆపమని అడగవద్దు. పిల్లలకు అరచేతిలోంచి వదిలే అవకాశం కొన్నిసార్లు ఇస్తాం. అరచెయ్యి చాచి, వేళ్ళు ముడవకుండా ఉంచాలని ముందే చెప్పి తీసుకురండి. కొన్ని పిట్టలు వెంటనే ఎగరవు. అరచేతి మీద అలాగే వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తుంటాయి. ఏమీ కాలేదు, చెయ్యిని నెమ్మదిగా కాస్త వంచితే చాలు.

నాకు కాలికి కడియం ఉన్న పక్షి కనిపించింది. ఏం చేయాలి?

బతికున్న పక్షి అయితే పట్టడానికి ప్రయత్నించవద్దు, కడియం తీయవద్దు. కెమెరాతో కాలిని వేర్వేరు కోణాల్లో ఫొటోలు తీస్తే, అంకెలన్నిటినీ కలిపి చదవగలుగుతాం. రంగు కడియాలు ఉంటే ఏ కాలికి, ఏ రంగు, పైది ఏది, కిందిది ఏది అన్నది రాసుకోండి. చనిపోయిన పక్షి దొరికితే కడియం మీది అంకె మొత్తం, దొరికిన చోటు, తేదీ, ఎలా దొరికిందన్నది రాసుకోండి. రిపోర్ట్‌బ్యాండ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఈ వివరాలు నింపాలి. మెక్సికోలో దొరికినా, కొలంబియాలో దొరికినా అక్కడే తెలపవచ్చు. కిటికీ అద్దానికి తగిలి పడిపోయిన పిట్టకైనా సరే, పిల్లి తెచ్చి గుమ్మంలో వేసిన పిట్టకైనా సరే, కాలు ఒకసారి చూడండి.

తెలిపినవారికి ఒక పత్రం వస్తుంది. అందులో ఆ పక్షి జాతి, ఆడో మగో తెలిస్తే ఆ సంగతి, ఎప్పుడు పుట్టింది, ఏ తేదీన, ఏ ఊరి దగ్గర, ఎవరు కడియం వేశారు అన్నవి ఉంటాయి. అదే సమయంలో కడియం వేసినవారికీ కబురు వెళుతుంది. మా కేంద్రానికి అలాంటి కబురు వచ్చిన రోజు, పాత లెక్కల పుస్తకం తీసి ఆ అంకె ఉన్న వరస వెతుకుతాం. ఆ రోజు ఏ వలలో పడింది, ఎన్ని గంటలకు, ఎంత కొవ్వు ఉంది, ఎన్ని గ్రాములు తూగింది, అన్నీ ఎవరో ఒకరి చేతిరాతలో అక్కడే ఉంటాయి. ఆ వరస చివరి గడిలో, వదిలినప్పటి స్థితి దగ్గర, 'బాగా ఎగిరింది' అని ఉంటుంది.